మాడిన పొర

బోరులోంచి పైకి తీసిన ఇనుప గొట్టంలోంచి జారిన రాతికడ్డీని దూలయ్య రెండు చేతులా అందుకుని, తడిగుడ్డతో బురద తుడిచి, పెట్టెలో పడుకోబెట్టాడు. తల నెరిసేదాకా అతను చేసిన పని ఇదే. బోరు తవ్వే రిగ్గు ఎక్కడ నిలబడితే అక్కడే అతని కాపురం. భార్య చిన్నక్క మొహం చూసేది ఏడాదికోసారి, అదీ తనకు జ్వరమొచ్చి ఇంటికి పంపిస్తే.

ఈసారి రిగ్గే అతని ఊరు వెతుక్కుంటూ వచ్చింది. దుమ్ముగూడెం అడవిలో గ్యాసు కోసం తవ్వుతున్నారు. దొరికితే క్యాంపు ఏళ్ల తరబడి ఉంటుంది, దూలయ్య ఇంటి కూడే తింటాడు. ఇంటి ముందు పందిరి నిండా చిక్కుళ్లు కాశాయి. చిక్కుడు పండుగ చేసి దేవతకు పెట్టందే కోయగూడెంలో ఎవరూ కొత్త కాయ నోట పెట్టరు. ఆ పండుగనాడు అతను ఇంట్లో ఉండి ఎన్నేళ్లయిందో!

ఆ మధ్యాహ్నం గ్యాసు దాగుండే నల్లరాయి వచ్చింది. దూలయ్య తుడిచి ఇవ్వగానే డ్రిల్లరు వీరన్న వాసన చూసి గంతేశాడు.

"నూనె వాసనే తాతా! ఇగ క్యాంపు ఎటూ పోదు!"

దూలయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. జియాలజిస్టు వనజ వచ్చి రాయిని వాసన చూసింది, ఆ తర్వాత అతని చేతిలోని గుడ్డని.

"దేనితోని తుడిచినవ్ దూలన్నా?"

నీళ్ల డ్రమ్ము ఖాళీ అయితే, డీజిలింజను తుడిచే గుడ్డ అందుకున్నాడు. వాసన ఆ గుడ్డదేనని తెలిసి అతని మొహం వాడిపోయింది.

వనజ నవ్వలేదు. ఆ వెనకే వచ్చిన బరువైన కడ్డీని చూపించింది. "ఇది ఒకప్పుడు కరిగిన రాయి. కిందికెల్లి పొరల్ల జొరబడ్డది. సన్నసెగ తగిలితే గ్యాసు పుడుతది. గింత పెద్దసెగ తగిలితే ఉన్నది గూడ పోతది. అన్ని బోర్లల్ల గిట్లనే ఉంది."

"మాడిపోయిందా అమ్మా?"

"అవ్. మనుషులు పుట్టకముందే."

మనుషులు పుట్టకముందు మాడినదానికి ఇప్పుడు తన నోటికాడి కూడు పోవడం దూలయ్యకు అన్యాయంగా తోచింది. ఎవరిని తిట్టాలో మాత్రం తెలియలేదు.

పండుగ ఇంకా వారం ఉందనగా రిగ్గు విప్పి లారీలకెక్కించారు.

"ఏడికి?" అంది చిన్నక్క.

"ఆదిలాబాద్ దిక్కంట. పండుగ నువ్వు చెయ్యి."

కాయ కోసి మూట కడదామంటే ఇంకా దేవతకు పెట్టలేదు. ఆమె ఉత్త చేతులతోనే సాగనంపింది.

పండుగైనాక ఊరంతా కొత్త చిక్కుళ్లు వండుకుంది. చిన్నక్కా వండింది. పందిరి మీద, తనకందని ఎత్తులో, దూలయ్య చెయ్యి చాస్తే అందే ఒక గుత్తిని మాత్రం ఆమె కర్రతో దించలేదు. అది అక్కడే ముదిరి, ఎండి, గాలికి గింజలు గలగలమంటూ వేలాడింది.