కొండ మీది ఎర్రచుక్క

ఆ శుక్రవారం జహ్రాన్‌కి కాలు ఒక్కచోట నిలవలేదు. జుమా నమాజు ముగించుకుని అక్క ఇంటికి వచ్చి, అన్నం తిన్నాననిపించి, కహ్వా కాఫీ గిన్నె చేత్తో పట్టుకుని వాకిట్లోకీ లోపలికీ తిరగడం మొదలుపెట్టాడు. చూసి చూసి రయ్యాకి ఒళ్ళు మండింది.

"కూర్చుంటావా, కాళ్ళు విరగ్గొట్టమంటావా? చాపంతా ఇసుక చేశావు."

"కూర్చుంటే ఊపిరాడడం లేదక్కా."

"ఎందుకాడుతుంది? ఊరు ఊరంతా నన్ను నీళ్ళ దొంగని చేసి కూర్చుంది. నువ్వేమో బెల్లం కొట్టిన రాయిలా నోరు విప్పవు. ఏం జరిగిందో ఇవాళైనా చావడిలో చెబుతావా, చెప్పవా?"

గిన్నెలో కహ్వా చల్లారిపోయింది.

చెప్పాలంటే ఊరి నీళ్ళ సంగతి చెప్పాలి. కొండ కడుపులోంచి సొరంగం దారిన వచ్చే ఫలజ్ కాలువ ఒక్కటే ఆ ఊరికి ఆధారం. దాన్ని తోటలకి వంతులేసి పంచుకుంటారు. పగలైతే కర్ర నీడ చూసి వంతు మారుస్తారు, చీకటి పడితే చుక్కల్ని చూసి. ఎదురుగా ఉన్న కొండ గట్టు మీద ఏ చుక్క పొడిస్తే ఎవరి వంతో తాతల నాడే తేల్చి పెట్టారు. తేలు గుండె అని పిలిచే ఎర్రచుక్క, ఖల్బ్, గట్టు మీదికి రాగానే ఖమీస్ వంతు ముగిసి రయ్యా వంతు మొదలవుతుంది. మసీదు గోడ పక్క రాతి అరుగు మీద కూర్చుని, చుక్కని చూసి, "పొడిచింది!" అని కేకేసి, పారతో మడవ తిప్పి నీళ్ళు మళ్ళించేది ఊరి నీరటి జహ్రాన్. వాళ్ళ నాన్నా నీరటే. ఆ కేక మీద ఎవరూ అప్పీలుకి వెళ్ళరు.

ఇంతవరకూ వెళ్ళలేదు, అంతే. పోయిన వంతు రాత్రి ఆ కేక వేళ కాని వేళ పడింది. తెల్లారి ఫజర్ నమాజుకి బయల్దేరినవాళ్ళు చూస్తే రయ్యా తోట నిండి పొర్లి బాటంతా బురద. ఖమీస్ తోటలో చివరి మళ్ళకి చుక్క నీరు అందలేదు. తెగులొచ్చి పాత నిమ్మతోట పోతే, ఉన్నదంతా ఊడ్చిపెట్టి కొత్తగా నాటుకున్న మొక్కలవి. నాలుగు ఎండలకే ఆకులు దోనెల్లా ముడుచుకుపోయాయి. నీరటి సొంత అక్క తోట పొర్లింది, పక్కవాడి తోట ఎండింది. ఇంకేం కావాలి జనానికి!

నిజానికి జరిగింది వేరు. ఊళ్ళో కుర్రాళ్ళు చందాలేసుకుని బంతి మైదానానికి పెద్దపెద్ద దీపస్తంభాలు పెట్టుకున్నారు. పగలు ఆ ఎండకి ఎవడాడతాడు పాపం, రాత్రి ఆడుకోవాలనే. దానికి నాయకుడు ఎవరో కాదు, రయ్యా కొడుకు తలాల్. ఆ దీపాలు వెలిగినప్పట్నుంచి అరుగు మీద కూర్చుంటే ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా కనిపిస్తోంది. ఖల్బ్‌కి ముందు ఒక చిన్న తెల్లచుక్క వస్తుంది, దాన్ని చూసి జహ్రాన్ పార భుజానికెత్తుకుంటాడు. ఆ రాత్రి అది కనిపించలేదు. కొండ నెర్రెలో నిఖార్సయిన ఎర్రచుక్క ఒకటి మాత్రం కనిపించింది. మబ్బు మాటున తెల్లచుక్క పోయుంటుందిలే అనుకున్నాడు. కేకేశాడు, మడవ తిప్పాడు.

ఇంటికి పోతూ పోతూ వెనక్కి తిరిగి చూశాడు. చుక్క ఉన్నచోటే ఉంది. మళ్ళీ చూశాడు, అక్కడే ఉంది. ఏ చుక్కయినా అలా మేకు కొట్టినట్టు నిలుస్తుందా! ఆ వారమే ఫోను టవరు లేచింది కొండ మీద. దాని నెత్తిన దీపం అది. మైదానం దాటిన చీకట్లోంచి చూస్తే అసలు ఖల్బ్ ఆ తర్వాత చాలాసేపటికి, దాని పక్కనే, నింపాదిగా వచ్చింది.

దీపమని తెలిసినప్పుడైనా పరుగెత్తి మడవ వెనక్కి తిప్పొచ్చు. తిప్పలేదు. మైదానం పక్క నుంచే పోవాలి, అంతమంది కుర్రాళ్ళు చూస్తారు, ఏంటి బాబాయ్ అని అడుగుతారు. దీపాన్ని చూసి చుక్క అనుకున్నానని ఏ మొహంతో చెబుతాడు? ఎవరికీ తెలియదులే అనుకుని ఇంటికెళ్ళి పడుకున్నాడు. ఆ రాత్రి నుంచి నిద్రన్నది లేదు.

సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత చావడి నిండిపోయింది. ఖర్జూరాలు, కహ్వా తిరుగుతున్నాయి కానీ ఎవరి ధ్యాసా వాటి మీద లేదు. కాలువ పెద్ద షైఖాన్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రయ్యా ఆడవాళ్ళతో పాటు గుమ్మం బయట నిలబడింది. ఖమీస్ వస్తూనే అందుకున్నాడు. జహ్రానూ అతనూ ఒక ఈడువాళ్ళు, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటూ పెరిగినవాళ్ళు.

"ఏరా నీరటీ, ఓ మాట చెప్పు. మా నిమ్మమొక్కలకి కాళ్ళు లేవు కదా, మీ అక్క తోటకెళ్ళి నీళ్ళు తాగి రమ్మని ఎలా చెప్పను వాటికి?"

కొందరు నవ్వారు. జహ్రాన్ తలెత్తలేదు.

"అన్యాయంగా మాట్లాడకు ఖమీస్ బాబాయ్," అంటూ తలాల్ లేచాడు. "మామయ్య దొంగ కాదు. ఆయన కళ్ళు మసకబారాయి, అంతే. పెద్దాసుపత్రిలో చూపిస్తాను, ఆపరేషన్ చేయిస్తాను. ఈలోగా వంతులు ఫోనులో టైము చూసి మార్చుకుందాం. చుక్కలూ వద్దు, తగాదాలూ వద్దు. మా దీపాలతో ఎవరికీ పేచీ ఉండదు."

చావడిలో మూడొంతుల మంది తలలూపారు. 'అయ్యో పాపం, వయసు మరి' అన్నారెవరో. జహ్రాన్ అప్పుడు తలెత్తాడు. ఎంత తేలికైన దారి! అవునర్రా, కళ్ళు పోయాయి అంటే చాలు. దొంగా కాడు, వెర్రివాడూ కాడు. అందరూ జాలిపడతారు, అక్క పరువు నిలుస్తుంది. కాకపోతే రేపట్నుంచి ఆ అరుగు మీద ఎవరూ కూర్చోరు, ఆ గట్టు వంక ఎవరూ చూడరు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నాన్న చూపించిన చుక్కలన్నీ ఆ తెల్లనీళ్ళలో కలిసిపోతాయి. అవునని చెప్పడానికే నోరు తెరిచాడు.

"నా కళ్ళకేం కాలేదు," అన్నాడు. అతని మాట అతనికే వింతగా వినిపించింది. "నేను చూసింది చుక్క కాదు. టవరు దీపం. దాన్నే ఖల్బ్ అనుకున్నాను."

ఒక్క క్షణం ఎవరికీ ఎక్కలేదు. ఎక్కాక చావడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. షైఖాన్ సైతం గడ్డం చాటున నవ్వాడు.

"నెలవంక మటుకు వీణ్ణి చూడనివ్వకండర్రా!" ఖమీస్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "వీధి బల్బు చూసి పండగ చేయించేస్తాడు మనచేత!"

"నవ్వండి. నా మాట ఇంకా అవలేదు." జహ్రాన్ తలాల్ వైపు తిరిగాడు. "మీ దీపాల వెలుగుకి దాని ముందొచ్చే చుక్క కనపడలేదు, అందుకని మోసపోయాను. అది పొరపాటు. కానీ కాసేపటికే నాకు తెలిసిపోయింది ఖమీస్. తెలిసీ వెనక్కి తిప్పలేదు. మీరిలా నవ్వుతారని భయపడి పడుకున్నాను. నీ మొక్కల్ని ఎండబెట్టింది దీపం కాదు, నేనే. అక్కకి ఇందులో ఏ పాపమూ తెలియదు. నా తోట వంతు వచ్చినప్పుడు ఆ నీళ్ళు నువ్వు వాడుకో. ఈ పని నాకొద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి. ఎవరికిచ్చినా ముందు ఆ దీపాలు ఆర్పించి ఇవ్వండి, వాడికీ నా గతే పట్టకుండా."

ఎవరూ నవ్వలేదు. గుమ్మం బయట రయ్యా ముసుగు అంచు నోట్లో కుక్కుకుంది. తమ్ముడి మీద కోపమో, జాలో ఆమెకే తెలియలేదు.

ఖమీస్ మొహం ఎర్రబడింది. "తెలిసీ పడుకున్నావా? నా మొక్కలు చస్తున్నా పడుకున్నావా?"

"పడుకున్నాను."

"దొంగవనుకున్నా బావుండేదిరా!"

షైఖాన్ చెయ్యెత్తాడు. "ఈ రాత్రి మళ్ళీ ఖమీస్ వంతే కదా. ఇద్దరూ కలిసి అరుగు మీద కూర్చోండి. చుక్కలా, ఫోనా అన్నది రేపు తేల్చుకుందాం."

"కూర్చుంటాను," అన్నాడు ఖమీస్. "నా నీళ్ళకి నేనే కాపలా."

రాత్రి ఇషా నమాజు అయ్యేసరికి మైదానంలో జనరేటరు రొద మొదలైంది. దీపాలు భగ్గుమన్నాయి, వాటి చుట్టూ పురుగులు ముసిరాయి. అరుగుకి ఆ కొస జహ్రాన్, ఈ కొస ఖమీస్. మధ్యలో పార. కింద కాలువ ఖమీస్ తోటలోకి గలగలా పారుతోందని ఇద్దరికీ తెలుసు గానీ, ఆ రొదలో వినపడితేగా.

ఖమీస్ కొండ వంకే చూస్తున్నాడు. ఉన్నట్టుండి సగం లేచాడు. "అదిగో ఎర్ర..." అని నాలిక కరుచుకుని కూర్చున్నాడు. పక్కకి చూస్తే జహ్రాన్ మొహంలో నవ్వన్నది లేదు.

"అది దీపమేనా?"

"దీపమే. కదలదు చూడు."

"మరి అసలుదో?"

"తెలీదు."

"తెలీదేంట్రా? మీ నాన్న పోయినప్పట్నుంచీ ఇదేగా నీ పని!"

"ఈ వెలుగులో తెలీదు. అది గట్టెక్కిందో, కిందే ఉందో. చెప్పలేను ఖమీస్. ఒట్టు."

ఖమీస్ కళ్ళు చిట్లించి చూశాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. కాళ్ళు ఆడించాడు, లేచాడు, కూర్చున్నాడు. వంతు అయిపోయినా తెలియదు, అవకపోయినా తెలియదు. ఈ గుడ్డి వెలుగులో ఇంకెవడో తొందరపడి కేకేస్తే తన మొక్కల గతేంటి? దాంతో అతనిలో ఏదో తెగింది. పాదాల దాకా వేలాడే దిష్‌దాషా చొక్కాని మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, మైదానం నడిమధ్య నుంచే నడుచుకుంటూ పోయి, బంతి కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోతున్నా లెక్కచెయ్యకుండా జనరేటరు కట్టేశాడు.

మైదానం గొల్లుమంది.

"ఖమీస్ బాబాయ్! గోలు పడబోతోంది, గోలు!" తలాల్ చీకట్లో తడుముకుంటూ వచ్చాడు.

"నీ గోలు నా నిమ్మమొక్కకి నీళ్ళు పోస్తుందిరా?"

"టోర్నమెంటు ముందు పెట్టుకుని ఇదేం న్యాయం? ఎంతసేపు ఇలా?"

"అది వచ్చేదాకా," అన్నాడు జహ్రాన్ అరుగు మీంచి.

"అది ఎప్పుడొస్తుందో ఇందులో..." తలాల్ ఫోను తీశాడు.

"ఆర్పరా దాన్ని, కళ్ళలో పడుతోంది!" ఖమీస్ కసిరాడు.

తలాల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు గానీ గొణగడం మానలేదు. కుర్రాళ్ళు తిట్టుకుంటూ గట్ల మీద కూలబడ్డారు. చీకటికి కళ్ళు అలవాటు పడడానికి చాలాసేపు పట్టింది. ముందు నడినెత్తిన నాలుగు చుక్కలు, తర్వాత వాటి సందుల్లో మరికొన్ని, ఆ తర్వాత ఇక లెక్కలేదు. గట్టు అంచు నల్లగా తేటపడింది. కాలువ చప్పుడు వినిపించింది. చిన్న తెల్లచుక్క పొడిచింది. జహ్రాన్ చెయ్యి అలవాటుగా పార మీదికి పోయి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత ఖల్బ్ వచ్చింది. దీపానికి రెండు బారల ఎడంగా, ఎర్రగా, మినుకుమినుకుమంటూ.

జహ్రాన్ చూశాడు. కేకెయ్యబోయాడు. ఇది కూడా కాకపోతే? ఇది కూడా ఎవడో కొత్తగా పెట్టిన దీపమైతే? జన్మలో ఎన్నడూ ఎరగని భయం అతని నోరు నొక్కేసింది. చుక్క గట్టు మీదికి వచ్చేసింది, గట్టు వదిలి లేచింది. అతను చూస్తూనే కూర్చున్నాడు.

అతను పలక్కపోతే పలికేవాడు లేడు. మైదానంలో కుర్రాళ్ళకి ఆ చుక్క ఏదో కూడా తెలియదు. నీళ్ళు ఇంకా ఖమీస్ తోటలోకే పారుతున్నాయి. ఇంకొంచెంసేపు ఇలాగే ఊరుకుంటే చాలు. ఖమీస్‌కి ఆ సంగతి తెలుసు. ఆ సంగతి ఖమీస్‌కి తెలుసని జహ్రాన్‌కీ తెలుసు. ఖమీస్ ఒకసారి చుక్కని చూశాడు, ఒకసారి జహ్రాన్ మొహం చూశాడు, తలొంచుకుని కాలువ చప్పుడు విన్నాడు.

"పొడిచింది!" అని కేకేశాడు ఖమీస్. ఊరంతా వినపడేలా. తర్వాత గొంతు తగ్గించి, "ఏం చూస్తావురా, వెళ్ళి మడవ తిప్పు. అక్క తోట ఎదురుచూస్తుంటుంది," అన్నాడు.

జహ్రాన్‌కి కళ్ళ నీళ్ళు ఆగలేదు. తలపాగా కొసతో మొహం తుడుచుకుని పార అందుకున్నాడు.

"చివరి మళ్ళకి అందాయా ఖమీస్?"

"ఇంకా అందలేదు," అన్నాడు ఖమీస్. "వెళ్ళు."