అలుగు ముట్టని పార

"అలుగు దిగింది! అలుగు దిగింది!"

మా మరిది చిలొంగాని అరుచుకుంటూ వచ్చేసరికి నేను అడవి ఆకు ఉడకబెడుతున్నాను. గరిటె అక్కడే పారేసి పరుగెత్తాను. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులుండే ఈ అలుగు జంతువు ఆకాశం నుంచి దిగుతుందని మా గోగో జాతివాళ్ళ నమ్మకం. ఎవరి కంటపడితే వాళ్ళని అది ఎంచుకున్నట్టే. నల్లగుడ్డలో చుట్టి దాన్ని మోసుకొస్తున్న చిలొంగానికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"నిన్నే ఎంచుకుందా మరిదీ? పాపం, దానికి చూపు తక్కువని విన్నాన్లే," అన్నాను.

"కుళ్ళుకో వదినా, కుళ్ళుకో! ఇవాళ నీ జొన్నల సంగతి తేల్చేది నా అలుగే!"

ఇంట్లో మిగిలింది ఒక్క సొరబుర్రెడు విత్తనం జొన్నలు. కడుపు మాడ్చుకుని వాటిని కాపాడుకొస్తున్నాను. వానేమో ముఖం చాటేసింది. వాటిని నూరి, దారిబత్తెం చేసుకుని, పశువుల్ని దక్షిణపు లోయకి తోలుకుపోదామంటాడు మా ఆయన మసింగ. విత్తనం తినేశాక ఇక పొలమెక్కడిది?

శకునం చూడ్డానికి ఊరిపెద్ద మ్వాలుకో మా దొడ్డి ముందు నీళ్ళగిన్నె, పిండి, పార, ఈటె వరసగా పెట్టాడు. అలుగు నీళ్ళు ముడితే వాన. పిండి ముడితే తిండికి లోటుండదు. పార ముడితే పంట. ఈటె ముడితే ఊరు కదలాల్సిందే.

"నోళ్ళు మూసుకోండర్రా, బెదురుతుంది!" అని కసిరాడు మ్వాలుకో.

బంతిలా చుట్టుకున్న అలుగు మెల్లగా విప్పుకుంది. వెనక కాళ్ళ మీద లేచి, ముందు చేతులు రెండూ పొట్ట దగ్గర పట్టుకుని, సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషిలా నడిచింది. నవ్వాపుకోలేక చచ్చాను. సరిగ్గా నీళ్ళ వైపే వస్తోంది! తాగు తల్లీ, తాగు!

తాగలేదు. గిన్నె పక్కనుంచే పోయింది. పిండినీ, పారనీ, ఈటెనీ కూడా దాటి దొడ్డి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఏదీ ముట్టలేదంటే ఇక్కడ మనకేమీ లేదనే," అన్నాడు మ్వాలుకో.

మసింగ ఇంట్లోంచి జొన్నల బుర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నూరు. ఎండ ముదరకముందే బయల్దేరాలి."

ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "నీ అలుగుని తగలెయ్య!" అని చిలొంగానిని తిట్టి, దొడ్డి వెనక ఉన్న నూరుడురాయి దగ్గరికి పోయాను. గింజలు రాతి మీద పోశాను. పైరాయి ఎత్తాను.

ఎదురుగా అలుగు! చెదపుట్టని గోళ్ళతో చీల్చి, వానపాము లాంటి నాలుకని లోపలికి దూర్చి లాగుతోంది. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ చీలికలోంచి పొలోమని బయటపడ్డాయి. చెదలు కావు, రెక్కలున్నవి! తెల్లగా మెరిసే రెక్కలు! వాన దగ్గరపడితే తప్ప ఉసిళ్ళు రెక్కలు కట్టుకుని పుట్ట గడప దగ్గరికి రావని మా చంటిపిల్లలకి కూడా తెలుసు.

"ఉసిళ్ళు! రండర్రోయ్, ఉసిళ్ళు!" గొంతు చించుకున్నాను.

ఊరంతా వచ్చి పడింది. ఆడవాళ్ళు కిలకిలా నాలుకలు ఆడిస్తూ కూతలు పెట్టారు. "వానే వస్తుంటే నా అలుగుకి మీ గిన్నెడు నీళ్ళెందుకు!" అని గంతులేశాడు చిలొంగాని. మసింగ మోకాళ్ళ మీద కూలబడి, రాతి మీది గింజలు ఏరి నా కొంగులో పోస్తున్నాడు.

"ఒక్కటి వదిలావంటే చూడు!" అన్నాను. కళ్ళనీళ్ళతో నాకు గింజలే కనబడటం లేదు.

మ్వాలుకో ఒక ఉసిలిని అరచేతిలోకి తీసుకుని ఎండకి పెట్టి చూశాడు. దొడ్డి ముందుకి వెళ్ళి, శకునానికి పెట్టిన పార పట్టుకొచ్చాడు.

"అది ముట్టుకోలేదుగా కోడలా," అని నా చేతికిచ్చాడు. "నువ్వు ముట్టుకో."