సముద్రపు రాళ్లు

రొట్టెల పిండి జల్లించే జల్లెడలో ఇసుక పోసి ఆడిస్తున్నాడు రాయమల్లు. గవ్వల నుసి కలిసిన తెల్లటి ఇసుక గోనెపట్టా మీదికి సన్నగా రాలుతోంది. పెద్ద పలుకులు జల్లెడలో గలగలమంటున్నాయి. ఆ చప్పుడుకు సమ్మమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"అది పిండి జల్లెడ," అంది.

"కడిగిస్త."

"కడిగితే కన్నాలల్ల ఇరికింది పోతదా? రేపు రొట్టెల ఇసుక తగుల్తే రాలేటియి నా పండ్లు."

అతను జల్లెడ ఆడిస్తూనే ఉన్నాడు. ఆమె గోడకు చెబుతున్నట్టుగా, తాగే నీళ్లకోసం తాను రోజూ బోరింగు దగ్గర బిందె పట్టుకుని కొట్లాడుతుంటే ఈ మనిషికి తాగరాని ఉప్పునీళ్లు కావలసి వచ్చాయని సణుగుతూనే ఉంది. రాయమల్లు జల్లెడ కింద పెట్టాడు. అనుకున్నదానికంటే గట్టిగానే పెట్టాడేమో, అది దొర్లుకుంటూ పోయి నీళ్ల గోలెం పక్కనున్న తడి గోనెసంచికి తగిలి పడింది. చాయ తాగకుండానే అంగీ తొడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ తడి గోనెలో ఉన్నవి సముద్రపు రాళ్లు. ఆ తెల్లవారుజామునే మద్రాసు బండిలో వచ్చాయి. బోగీ అటెండరు సాంబమూర్తి వాటిని దింపుతూ, జిగురుగా ఉన్నాయి కదా అని కడగవద్దని, ఆ జిగురే వాటి ప్రాణమని, అది పోతే ఉత్త రాళ్లేనని మరీ మరీ చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెప్పాలనుకున్నాడు రాయమల్లు. జల్లెడ గొడవలో చెప్పనేలేదు.

కాజీపేట స్టేషన్లో బండ్లకు నీళ్లు పట్టడం అతని పని. బండి ఆగీ ఆగకముందే పట్టాల మధ్యకు దిగి, రబ్బరు పైపు ఈడ్చుకుపోయి, బోగీ గొట్టానికి తగిలించి, పైన తొట్టి నిండే చప్పుడు వినాలి. నిండిందంటే పక్కనుంచి నీళ్లు ధారగా కారతాయి. వెంటనే పైపు తీసి పక్క బోగీకి పోవాలి. పెళ్లయిన ఏడు చేరిన కొలువు. తడిలో నాని నాని కాలివేళ్ల సందులు ఎప్పుడూ ఒరిసే ఉంటాయి. అతను నింపిన నీళ్లన్నీ ఢిల్లీకో మద్రాసుకో పోతాయి. ఎవరో మొహాలు కడుక్కుంటారు. అతని నీళ్లు ఒకచోట నిలిచింది ఎన్నడూ లేదు.

కొన్నేళ్ల కింద సమ్మమ్మకు గర్భసంచి ఆపరేషను మద్రాసులో చేయించారు. దవాఖాన వసారాలో ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో సముద్రపు నీళ్లు, రంగురంగుల రాళ్లు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న ఒక చిన్న చేప. ఆ చేప తన రాయిని విడిచి ఎటూ పోయేది కాదు. లోపల ఆమె ఉన్నంతసేపూ రాయమల్లు ఆ తొట్టి ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరాక అంతసేపు కూర్చోవడం అదే మొదలు. అలాంటి తొట్టి ఇంట్లో ఉండాలన్న కోరిక అప్పటిది. దాన్ని ఎక్కడ చూశాడో, ఎందుకు చూస్తూ కూర్చున్నాడో సమ్మమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

సాంబమూర్తి మద్రాసులో చేపలమ్మే ఒకతన్ని అడిగి అన్నీ కనుక్కుని వచ్చాడు. "చేప అన్నిటికన్న సస్త, మల్లన్నా. దానికి ఇల్లు కట్టుడే పిరం," అన్నాడు. నిజమే. అద్దాలకు ఒక పండుగ అడ్వాన్సు పోయింది. చట్రానికి పాత ఇనుప కమ్ములు దొరికాయి గానీ ఉప్పునీళ్లు తగిలితే ఇనుము తుప్పు పట్టి విషమవుతుందట. అందుకని లోపలివైపు ఎక్కడా ఇనుము తేలకుండా లప్పం దట్టంగా పెట్టించాల్సి వచ్చింది. తరువాత గాలి మోటారా, ట్యూబులైటా అని నెలంతా ఆలోచించి మోటారే కొన్నాడు. చేప చీకట్లోనైనా ఉంటుంది, ఊపిరాడకపోతే ఉండదు. మరి కరెంటు పోతే? లారీ ట్యూబులో గాలి నింపి కొంచెం కొంచెంగా వదిలే ఉపాయం ఎవరో చెప్పారు. పంక్చర్లు వేసే దుకాణంలో పాత ట్యూబు అడిగి తెచ్చుకున్నాడు. సముద్రపు నీళ్లు మాత్రం ట్రిప్పుకో డబ్బా చొప్పున సాంబమూర్తే తెచ్చాడు.

బట్టల దుకాణంలో పనిచేసే కొడుకు వెంకట్రాజం ఇదంతా చూసి, "ఇంకిన్ని పైసలేస్తే టీవీ వచ్చేది నాయినా. దాంట్ల చేపలు గూడ వస్తయి," అనేవాడు. రాయమల్లు కూడా నవ్వేవాడు.

ఆ పొద్దున ఎండ తొందరగా ముదిరింది. పట్టాల మీది కంకర కాళ్లను కాలుస్తోంది. రెండు బండ్లు వెంటవెంటనే వచ్చాయి. రెండోదానికి పైపు ఈడ్చేటప్పుడు రాయమల్లుకు ఎడమ భుజం లాగింది. పైపు బరువే అనుకున్నాడు. కొంతసేపు స్తంభానికి ఆనుకుని, బండి పోయాక నెమ్మదిగా ఇంటికి నడిచాడు. మళ్లీ డ్యూటీ సాయంత్రానికి.

ఇంట్లో అడుగు పెట్టేసరికి సమ్మమ్మ గోలెం పక్కన కూర్చుని ఉంది. మిగిలిన ఇసుకంతా జల్లించి ఉంది. జల్లెడ కడిగి మేకుకు తగిలించింది. గోనె మీద వరసగా రాళ్లు, పాలవంటి తెలుపు. చివరి రాయి ఆమె చేతిలో ఉంది. వేళ్లకు చింతపండు, బూడిద.

"ఎంత గలీజున్నయో. ఒకటే నీసు వాసన," అంది తలెత్తకుండా. "చింతపండు పెట్టి తోమిన. సూడు, దేవుని గిన్నెలోలె అయినయి."

అవి ఆమె రాజీకొచ్చే మాటలు. ఆ గొంతు అతనికి తెలుసు.

రాయమల్లు ఒక రాయి చేతిలోకి తీసుకున్నాడు. పొద్దున దాని మీద పచ్చగా, ఊదాగా ఏదో పెరిగి ఉంది. ఒక కన్నంలోంచి వెంట్రుకలాంటి జీవి తొంగిచూసి, వేలు తాకగానే లోపలికి ముడుచుకుంది. ఇప్పుడా కన్నంలో చింతపండు పీచు ఇరుక్కుని ఉంది.

"మంచిగ తెల్లగైనయి," అన్నాడు.

కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ఆమె వేడి వేడి పప్పు వడ్డించింది. తిన్నంత తిని, భుజం నొప్పి సంగతి ఎత్తకుండా కాసేపు నడుం వాల్చాడు.

సాయంత్రం మద్రాసుకు తిరిగిపోయే బండి వచ్చింది. నీళ్లు పడుతూనే రాయమల్లు సాంబమూర్తి ఉన్న బోగీ కిటికీ దగ్గరికి వెళ్లి, వచ్చేసారి మళ్లీ రాళ్లు తెమ్మన్నాడు.

"పొద్దుగాల్ల తెచ్చినయేమైనయే?"

"సచ్చినయి."

"కడిగినవా ఏంది?"

"లే. ఎండల పెట్టి మరిచిన. తప్పు నాదే."

సాంబమూర్తి నొచ్చుకుని, అంత చెప్పినా ఎండలో ఎట్లా పెట్టావని కోప్పడ్డాడు. "ముసలోనివైతానవు మల్లన్నా," అని నవ్వి, తెస్తాలే, ఫికర్ చెయ్యకన్నాడు. బండి కదిలింది.

ఆ వెనక వచ్చే బండికోసం రాయమల్లు పైపు సర్దుకుని కొళాయి పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. పైపులోంచి నీళ్లు కంకర మీదికి పోతూనే ఉన్నాయి. దూరంగా ఉన్న తోటివాళ్లు అలసి కూర్చున్నాడనుకున్నారు. నీళ్లు పట్టాల కింది దాకా పారుతున్నా అతను లేవకపోయేసరికి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. రాయమల్లు నీళ్లు వదిలేసి కూర్చునే మనిషి కాదు.

దినాలనాటికి సాంబమూర్తి సెలవు పెట్టి వచ్చాడు. అతని చేతిలో తడి గోనెసంచి. మాటిచ్చాను గదా, తేకుండా ఉండలేకపోయానన్నాడు.

మధ్యాహ్నం అందరూ వరసగా అన్నాలకు కూర్చున్నారు. అద్దాల దుకాణంవాడు తొట్టిని సగం ధరకు తీసుకుంటానన్నాడని, రేపే రిక్షాలో వేయిస్తానని వెంకట్రాజం మెల్లగా చెప్పాడు. ఎవరూ కాదనలేదు. సమ్మమ్మ కూర వడ్డిస్తోంది.

"ఈ రాళ్లు ఎవరికన్న ఇస్తే మాత్రం కడగద్దని చెప్పుండ్రి వదినా," అన్నాడు సాంబమూర్తి. "ఆ జిగురే వాటి పానం. మల్లన్నకూ చెప్పిన గని, ఎండల పెట్టి మరిచిండట. అన్ని సచ్చినయన్నడు."

సమ్మమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఎప్పుడన్నడు?"

"ఆ రోజే. బండి కాడ. తప్పు నాదే అన్నడు."

ఆమె గరిటెలోని కూర ముందున్న విస్తరిలో వేసేసింది. తరువాత కూర గిన్నె కింద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"అద్దాల తొట్టి ఎవలకియ్యం," అంది. "నీళ్లు నింపుతాం. సాంబమూర్తీ, ఎన్ని పొద్దులకు చేప తేవచ్చో చెప్పిపో."

"నీకేం తెలుస్తదే అమ్మా అదంత?" అన్నాడు కొడుకు.

"తెల్వకనే తోమిన. ఇప్పుడు తెలిసింది. తినుండ్రి."

ఆమె మళ్లీ గరిటె అందుకుంది. వెనక గోడకు, మేకు మీద పిండి జల్లెడ వేలాడుతోంది. ఎంత కడిగినా పోని గవ్వ పలుకొకటి దాని కన్నంలో ఇరుక్కుని తెల్లగా మెరుస్తోంది.