టెంక లేని ఆవకాయ

సూట్‌కేసులో నేను సర్దిన బంగినపల్లి కాయల్ని మా కోడలు జెనలిన్ ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్లది ఫిలిప్పీన్స్‌లో గిమరాస్ అనే దీవి. దోహాలో మా అబ్బాయి ఉదయ్ భాస్కర్ ఉద్యోగం చేసిన హోటల్లోనే పనిచేసేది. పెళ్ళి అక్కడే చేసుకుని మా ఊరు వేంసూరు వచ్చేశారు. ఇప్పుడు ఏడో నెల, పురిటికి పుట్టింటికి పోతోంది. వియ్యాలవారు మా గడప తొక్కలేదు, మేము వాళ్ళ మొహం చూడలేదు. మా ఇంటి నుంచి వాళ్ళకు మొదటిసారి ఏదైనా పోవడం ఇదే.

"ఏందే, మా కాయలు మీ వాళ్ళకు పనికిరావా?" అన్నాను.

"మా దీవికి బయట మామిడి రాకూడదు అత్తమ్మా," అంది వచ్చీరాని తెలుగులో. "నాన్న పారేస్తాడు."

"నా కాయలు పారేయటానికి మీ నాయనెవరే!"

భాస్కర్ అడ్డమొచ్చాడు. "ఆయన ఉద్యోగమే అదమ్మా. పడవల రేవులో సంచులు వెతుకుతడు. కాయ గానీ టెంక గానీ మొక్క గానీ లోపలికి పోనియ్యరు. టెంకలో ఒక్క పురుగు పోయినా దీవంతా పాకుద్ది. వాళ్ళ బతుకంతా మామిడి మీదనే."

ఆ దీవి సంగతులు పిల్ల ఫోనులో చూపిస్తూనే ఉండేది. తెల్లటి ఇసుక, గాలిమరలు, పడవల్లో దిగే టూరిస్టులు, మఠంలో సన్యాసులు చేసే మామిడి జామ్, వేసవిలో ఊరంతా కడుపు పగిలేలా పళ్ళు తినే పండుగ. నా కళ్ళు మాత్రం కాయలకు తొడిగిన కాగితం సంచుల మీదే ఉండేవి. ఒక్కో కాయకు ఒక్కో సంచి! వాళ్ళు అలా కాపాడుకుంటున్నారు. ఇక్కడ మా ఆయన వెంకటప్పయ్య తోట కొట్టించి పామాయిల్ పెడతానని అశ్వారావుపేట నర్సరీలో మొక్కలకు చెప్పొచ్చాడు. ఇదే ఆఖరి కాపు. ఇది కూడా వియ్యాలవారి నోటికి అందదంటే నాకు ఏడుపొచ్చింది.

"పోనీ, ఆవకాయన్నా తీసుకుపో," అన్నాను.

జెనలిన్ జాడీలోంచి ఒక ముక్క తీసి, తిప్పి చూసి, తల దించుకుంది. ముక్కకు టెంక ఉంది. ఉండక? టెంక లేని ముక్క ఆవకాయలో వేస్తే మా అత్త నన్ను బతకనిచ్చేదా?

"ఉప్పూ కారంలో ఏ పురుగు బతుకుద్ది? పోనిస్తరేమోలే," అన్నాడు భాస్కర్.

"పోనిస్తారేమో. కానీ నాన్న అందరి ముందు నా డబ్బా కూడా తెరుస్తాడు. కూతురు టెంక తెచ్చిందంటే నాన్న పరువు పోతుంది అత్తమ్మా."

పరువు అన్న మాటతో నా కోపం సగం చచ్చింది. మర్నాడు తోటలో బోరు దగ్గరి పుల్లమామిడి చెట్టు కాయలు కోయించి, కొట్టించిన ముక్కలకు టెంక చెక్కుతూ కూర్చున్నాను. పక్కింటి హేమలత బుగ్గలు నొక్కుకుంది.

"టెంక లేకపోతే అదేం ఆవకాయ వదినా? ముక్క మెత్తబడి గుజ్జయిపోద్ది."

"అయితే అయింది. నోరు మూసుకుని వెల్లుల్లి ఒలువు."

జెనలిన్ నా పక్కనే కూర్చుని, నేను చెక్కిన ప్రతి ముక్కనూ వేలితో తడిమి చూసి గిన్నెలో వేసింది. తండ్రి పోలికే అనుకున్నాను.

దింపి రావడానికి భాస్కర్ కూడా బయల్దేరాడు. ఇద్దరూ విమానమెక్కారు. వాళ్ళు దీవికి చేరేసరికి మా తోటలోకి జేసీబీ దిగింది. బంగినపల్లి వరసలు సగం కూలాయి. నేను గట్టు మీద నిలబడి చూస్తుంటే భాస్కర్ వీడియో కాల్ చేశాడు.

రేవులో యూనిఫాం వేసుకున్న నల్లటి పొట్టి మనిషి కూతురి డబ్బా మూత తీశాడు. చెంచాతో అడుగుదాకా కెలికాడు. ముక్క మీద ముక్క తిప్పి చూశాడు. టెంక దొరకలేదు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. కారానికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అయినా నవ్వుతూనే ఇంకోటి తీసుకున్నాడు. అమ్మయ్య అనుకున్నాను.

"అత్తమ్మా, ఈ చెట్టు చూపించమంటున్నాడు," అంది జెనలిన్.

నా వెనక పడి ఉన్నవన్నీ చెట్లే. దీవి చెట్లకు కాపలా కాసే మనిషికి ఇవి ఎలా చూపించను? సిగ్గుతో ఫోను కిందికి దించాను. అప్పుడు పక్కనే నిలబడి వింటున్న మా ఆయన చెయ్యెత్తి మిషన్ ఆపించాడు. నా చేతిలో ఫోను తీసుకుని, కూలిన వరసలు కనపడకుండా తిరిగి, పుల్లమామిడి దగ్గరికి నడిచాడు.

"మా నాయన పెట్టింది బావగారూ," అన్నాడు మాను నిమురుతూ. అవతలి మనిషి అర్థమైనట్టే తలూపాడు.

ఫోను పెట్టేశాక డ్రైవర్ అడిగాడు. "దీన్ని గూడ లేపాల్నా బాబాయ్?"

"దీన్ని ఉండనియ్. రేపు వియ్యంకుడొచ్చి చెట్టేదంటే ఏం చూపిస్తం?"

మిగిలిన వరసల మీదికి మిషన్ మళ్ళీ కదిలింది.