అమ్మకానికి కాదు

"మాంసం కోత సంగతులు నాకెందుకు? అది వంటింటి వ్యవహారం. ఉండు, మా ఆవిడకిస్తా," అని వెర్లిన్ ఫోను బల్ల మీదుగా ఇటు తోసేసి, గుడ్ల పళ్ళెం అటు లాక్కున్నాడు. రేడియోలో మొక్కజొన్న ధరలు చెబుతున్నారు. ఆర్డిస్ తడి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

అవతల డోరీన్. ఊళ్ళో కసాయి కొట్టు ముందు గదిలో కూచుని వచ్చేపోయేవాళ్ళ సంగతి చూసే మనిషి. ఏటా ఆకురాలే రోజుల్లో ఆ గొంతు వినబడాల్సిందే. కాల్చుకు తినే స్టేకు ముక్కలు ఎంత మందం కోయించమంటావు, పొట్లానికి రెండా నాలుగా, కైమాలో కొవ్వు ఎంత ఉంచాలి, నాలుక తీసుకుంటావా పారేయమంటావా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వెర్లిన్ రెండో ప్రశ్న దాకా విన్న పాపాన పోలేదు. తాతల నాటి నుంచీ పశువుల్ని పెంచుతున్న ఇంటి మగాడు, ఆ పశువు పళ్ళెంలోకి ఎలా వస్తుందని అడిగితే మాత్రం చంటిబిడ్డ ముడ్డి కడగమన్నట్టు మొహం పెడతాడు.

"విను ఆర్డిస్," అంది డోరీన్. "నిన్న సాయంత్రం మీ ఆయన రెండు కోడెల్ని మా దొడ్లో దింపేసి, ఏది ఎవరిదో చెప్పకుండానే బండెక్కి పోయాడు. ఎప్పట్లాగే అనుకో. ఒకటి నల్లది. రెండోది ఎర్రది, చెవులు సగమే ఉన్నాయి. కోతకి ముందు పేర్లు రాసుకోవాలి కదా. ఏది ఎవరి పేరున రాయను?"

చెవులు సగమే ఉన్నది. మొండిగాడు.

వాడు పుట్టింది ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, ఎదురుగా ఉన్న కొట్టం కూడా కనబడని మంచుతుఫానులో. తల్లి ఈనిన చోటే చచ్చిపోయింది. వెర్లిన్ దూడని బూటు కొసతో కదిపి చూసి, ఇదీ పోయింది, వదిలెయ్ అన్నాడు. ఇంకా ఊపిరుంది అంది ఆర్డిస్. "అయితే బతికించుకో. బతికితే నీదే, పో," అని అతను ఇంట్లోకి పోయి బూట్లు విప్పుకున్నాడు. తమ ఆడపిల్లలు చిన్నప్పుడు మంచులో జారిన ప్లాస్టిక్ బండి మీద దూడని వేసుకుని ఆర్డిస్ ఒక్కతే ఇంటి దాకా ఈడ్చింది. స్నానాల టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, తనూ అందులో దిగి, తల మునగకుండా తన ఒళ్ళో పెట్టుకుని కూచుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టింది. దాచి ఉంచిన జున్నుపాలు కరిగించి సీసాతో గొంతులో పోసింది. ఆ సాయంత్రం వెర్లిన్ అన్నదల్లా, ఇంకెప్పుడు ఖాళీ అవుతుంది ఆ టబ్బు, ఇల్లంతా పేడ కంపు, అని. దూడ బతికింది. చలికి నల్లబడ్డ చెవుల కొసలు మాత్రం రాలిపోయాయి. మొండి చెవులు, మొండి ప్రాణం. అందుకే వాణ్ని మొండిగాడు అంది ఆమె. తినబోయేదానికి పేరు పెట్టకూడదని ఆ ఇంటి నియమం. ఆమె పెట్టింది.

అలాగని ఆర్డిస్‌కి పిచ్చి ప్రేమలేం లేవు. కోడె కోడే, పెరిగితే కోతకే పోతుంది. ఆ సంగతి పొలంలో బతికే ఆడదానికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ కోత తనది కావాలి. ఎన్ని ముక్కలు, ఎంత మందం, ఎవరి ఇంటికి, అన్నీ తను చెప్పాలి. బడి వంటశాలలో పనిపోయి ఇబ్బంది పడుతున్న చెల్లెలు థోరాతో వేసవిలోనే అనేసింది: "ఈ చలికాలం నీ ఫ్రీజర్ నేను నింపుతా." ఆ మాట అన్నాక తనకే వింతగా అనిపించింది. అంతకు ముందు ఎవరేం అడిగినా ఆమె నోటికి వచ్చేది ఒకటే, వెర్లిన్‌ని అడిగి చెబుతా.

ఆ ఇంట్లో మంచి ముక్క ఆమె నోటికి రాలేదంటే ఎవరూ నమ్మరు. కొత్త కోడలిగా వచ్చిన మొదటి శరత్తులోనే అత్తగారు చెప్పేసింది, మంచి ముక్కలు కొన్నవాళ్ళవి, మనం మిగిలింది తింటాం అని. మిగిలేది నాలుక, గుండె, తోక, ముసలి ఆవు కైమా. ఈ నియమం మళ్ళీ మరిది హార్లన్‌కి లేదు. ఊళ్ళో బీమా పాలసీలు అమ్ముకునే హార్లన్ ఏడాదికోసారి వచ్చి, ఒక నిండు కోడె మాంసం ఊరికే పట్టుకుపోతాడు. ఎందుకంటే రోడ్డు పక్క బోర్డు మీద 'ట్వేట్ అండ్ సన్స్' అని ఉంటుంది. ఆ సన్స్‌లో అతనొకడు. కొట్టంలో పేడ ఎత్తే మనిషి పేరు ఆ బోర్డు మీద లేదు, ఎవరికీ లోటుగా కూడా అనిపించలేదు.

పొలం నుంచి నేరుగా కొనాలని పట్నం వాళ్ళకి మోజు పుట్టాక పని ఇంకా పెరిగింది. ఫోన్లన్నీ ఆర్డిస్‌కే. సగం కోడె అంటే ముందు సగమా వెనక సగమా అని అడుగుతారు. కాదండీ, ముక్కు నుంచి తోక దాకా నిలువునా చీలుస్తారు, అన్ని రకాల ముక్కలూ వస్తాయి అని చిలక్కి చెప్పినట్టు చెబుతుంది. అన్నీ స్టేకులే ఇమ్మంటే, కోడెకి కాళ్ళూ మెడా కూడా ఉంటాయండీ అంటుంది. అంతా విని చివరికి వాళ్ళనేది ఒకటే: "ఒకసారి రైతుకి ఇస్తారా?" ఆమె ఫోను వెర్లిన్‌కి ఇస్తుంది. అతను ఆ మాటే ముక్కలు చేసి సగం తప్పుగా చెబుతాడు. అవతల వాళ్ళకి నమ్మకం కుదురుతుంది.

మెరిడిత్ అనే ఆవిడా, ఆవిడ భర్తా సెప్టెంబర్‌లో మినియాపొలిస్ నుంచి వచ్చారు. రైతుని కళ్ళారా చూసి గాని కొనరట. ఆర్డిస్ పొద్దున్నే లేచి కొట్టం కడిగి, నిమ్మకాయ కేకు బిళ్ళలు కాల్చి, కాఫీ పెట్టింది. వెర్లిన్ ఉతికిన చొక్కా వేసుకుని, మొండిగాడి వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. వీడి చెవులకి ఏమైందని మెరిడిత్ అడిగింది. పళ్ళెం పట్టుకుని వెనకాల వస్తున్న ఆర్డిస్ చెప్పబోయి నోరు తెరిచింది. ఈలోపే అతను మొదలెట్టాడు. మంచుతుఫాను, చచ్చిన తల్లి, ప్లాస్టిక్ బండి. "టబ్బులో తల ఒళ్ళో పెట్టుక్కూచున్నా. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టా, చూడండి," అన్నాడు, గొంతు కాస్త వణికించి మరీ. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మాకు ఇదే కావాలంది. అతను తీసుకోండి, మీకోసమే పెంచాననుకోండి అన్నాడు.

ఆర్డిస్‌కి చెవుల్లోంచి పొగలొచ్చాయి. కోడెని ఇచ్చేస్తే ఇచ్చాడు, తన ఒళ్ళు తడిసిన మధ్యాహ్నాన్ని కూడా ఎత్తుకుపోయాడు. ఆ టబ్బులో మోకాళ్ళు వాచేలా కూచున్నది ఎవరు? ఆ డ్రయ్యర్ ఎవరిది? ఇతనికి ఆ డ్రయ్యర్ మీట ఎటు నొక్కాలో కూడా తెలీదే! మెరిడిత్ మర్యాద కోసం అన్నట్టు ఇటు తిరిగి, మీరు కూడా పొలంలో ఏమైనా సాయం చేస్తారా అని అడిగింది. వెర్లిన్ నవ్వాడు. "ఇది మా ఆవిడ. ఇది లేకపోతే నాకు తిండే లేదు." అందరూ నవ్వారు. నిమ్మకాయ బిళ్ళలు చాలా బాగున్నాయన్నారు. ఆమె పేరేమిటని ఎవరూ అడగలేదు, అతను చెప్పనూ లేదు.

వాళ్ళ కారు రోడ్డెక్కగానే ఆమె అడిగేసింది. "అది నాదన్నావు."

"ఎప్పుడన్నాను?"

"వాడు పుట్టిన రోజు. బతికితే నీదే అన్నావు."

"అబ్బ, అదేదో ఊసుపోక అన్న మాట. నీదేంటి, నాదేంటి? అంతా మనదే కదా."

అంతా మనదే. ఆ మాట ఆమె పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటోంది. పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఆవు చచ్చినప్పుడు మాత్రం అది నీ ఆవు అన్నారు. అమ్ముడుపోయే కోడె మాత్రం మనది. మనది అంటే అతను ఎవరికైనా ఇచ్చేయొచ్చు. మనది అంటే ఆమె అడక్కూడదు. థోరాకి ఏం చెప్పాలో తోచక ఆ నెలంతా ఆమె చెల్లెలి ఫోన్లు ఎత్తలేదు. పొద్దునా సాయంత్రం కొట్టంలోకి వెళ్ళి దాణా పోస్తూ, మొండిగాడి మెడ గోకుతూ, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టేది. వాడు వింటూ నమిలేవాడు.

"ఆర్డిస్? ఉన్నావా?" అంది ఫోనులో డోరీన్.

ఇక్కడో చట్టం ఉంది. ఇలాంటి చిన్న కసాయి కొట్లలో కోయించుకునేవాళ్ళు మాంసం కొనకూడదు, ప్రాణం ఉండగానే పశువుని కొనుక్కోవాలి. అందుకే అది ఎవరిదో కోతకి ముందే పేరు చెప్పాలి. ఆ పేరే ప్రతి తెల్ల పొట్లం మీదా ముద్ర పడుతుంది. దాని కిందే ఎర్రగా మరో ముద్ర, అమ్మకానికి కాదు అని. ఎన్నేళ్ళుగానో ఆర్డిస్ ఆ పొట్లాలు మోసింది, ఆ ముద్ర చదివింది. వాటి మీద ఎప్పుడూ కొన్నవాళ్ళ పేర్లే, లేదా హార్లన్ ట్వేట్ అని. ఈసారి అనుకున్న ప్రకారం ఎర్రది మెరిడిత్ వాళ్ళకి, నల్లది హార్లన్‌కి. చెప్పాల్సింది తను. ఆ పని తన నెత్తిన పడేసింది అతనే.

బల్లకి అవతల వెర్లిన్ రొట్టెతో గుడ్డు సొన తుడుచుకుంటున్నాడు. ఆర్డిస్ గొంతు తగ్గించలేదు. పక్క గదిలోకీ పోలేదు. అతని మొహంలోకి చూస్తూనే చెప్పింది.

"నల్లది మినియాపొలిస్ మెరిడిత్ వాళ్ళకి. మంచి కోడె, బరువు కూడా అదే ఎక్కువ తూగుతుంది. ఎర్రది నా పేరున రాయి."

"నీ పేరంటే, వెర్లిన్ ట్వేట్ అనా?"

"కాదు. ఆర్డిస్ ట్వేట్."

స్పెల్లింగ్ నాకు తెలుసులే, అంది డోరీన్ మెల్లిగా.

"కాస్త ఉప్పు ఇటియ్యి," అన్నాడు వెర్లిన్.

ఆర్డిస్ ఉప్పు అందించింది. స్టేకులు బాగా మందంగా కోయించమంది. నాలుకా తోకా కూడా కావాలంది, ఈసారి మిగిలినవని కాదు, తనవని. నిలువునా చీల్చిన ఒక సగం మొత్తం థోరా కోసం వేరే పెట్టెల్లో సర్దమంది. అతను పళ్ళెం అక్కడే వదిలేసి, టోపీ పెట్టుకుని బయటికి పోయాడు. వంటింటి మాటలు అతని చెవిలో ఏనాడూ దూరలేదు, ఆనాడూ దూరలేదు. ఆమె కడగడానికి ఆ పళ్ళెం చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీదే పెట్టేసింది. ముందు థోరాకి ఫోను చేసింది.

మాంసం చల్లగదిలో వేలాడి, కోతలయి, గడ్డకట్టాక డోరీన్ రమ్మని కబురు చేసింది. మెరిడిత్ దంపతులు పెద్ద కారులో ఐసు పెట్టెలు వేసుకుని వచ్చారు. వెర్లిన్ ఉతికిన చొక్కా వేసుకుని, హార్లన్ వాటా కోసం ట్రక్కు తెచ్చాడు. ఆర్డిస్‌ని పెట్టెలు మొయ్యడానికి రమ్మన్నాడు. గుమ్మం పక్కనే థోరా పాత కారు, వెనక డిక్కీ తెరిచి, అప్పటికే నిలబడి ఉంది. మీ చెల్లెలికి ఇక్కడేం పని అని వెర్లిన్ అడిగాడు. ఆర్డిస్ చేతులకి తొడుగులు వేసుకుంది.

డోరీన్ కుర్రాళ్ళ చేత పెట్టెలన్నీ బయట పెట్టించింది. మెరిడిత్ ఉత్సాహం పట్టలేక దగ్గర్లో ఉన్న పెట్టెలోంచి ఒక పొట్లం తీసి, మంచు తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మాది కాదనుకుంటా," అంది. "ఆర్డిస్ ట్వేట్ అని ఉంది. ఆర్డిస్ అంటే ఎవరండీ?"

వెర్లిన్ పొట్లం లాక్కుని చదివాడు. ఇంకో పెట్టె చూశాడు. ఇంకోటి చూశాడు. హార్లన్ పేరు ఎక్కడా లేదు. "పొరపాటు పడ్డారండీ, డోరీన్ పేర్లు కలిపేసింది," అన్నాడు నవ్వబోతూ. డోరీన్ తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది గానీ నవ్వలేదు.

"పొరపాటేం లేదు," అంది ఆర్డిస్. మెరిడిత్ వైపు తిరిగింది. "ఆర్డిస్ నేనేనండీ. మీ ఇంటికొచ్చేది నల్ల కోడె. దానికీ చిన్నప్పట్నుంచీ దాణా పోసింది నేనే, మాంసం బాగుంటుంది. చెవుల్లేనిది నాది. దాన్ని టబ్బులో పెట్టి బతికించిందీ నేనే. కింద ఎర్ర ముద్ర చదివారుగా."

మెరిడిత్ పొట్లం వంకా, ఆమె వంకా, వెర్లిన్ ఉతికిన చొక్కా వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత నల్ల కోడె పెట్టెల వైపు నడిచింది. ఆర్డిస్ మొదటి పెట్టె ఎత్తి చెల్లెలి డిక్కీలో పెట్టింది. వెర్లిన్ పక్కకొచ్చి పళ్ళ బిగువున అడిగాడు.

"హార్లన్‌కి ఏం చెప్పమంటావు? నాతో ఒక్క మాట చెప్పకుండా, ఇదంతా ఎప్పుడు చేశావు?"

"నీ ఎదురుగానే," అంది ఆర్డిస్ రెండో పెట్టె ఎత్తుకుంటూ. "నువ్వు ఉప్పు అడిగావు. అందించాను కూడా."