మిషను మొహానికి పసుపు

మా ఇంటి హాలు ఈ పొద్దున మళ్ళీ పొడుగైంది. కొత్తగా పెరిగిన మేరంతా గడ్డే, మోకాళ్ళ దాకా. ఆ చివర వంటిల్లు. వంటింట్లో మా ఆవిడ పైడితల్లి కందిగింజంత కనిపిస్తోంది. ఏదో చెబుతోంది. మాట నా దాకా రాకుండా దారిలో గడ్డిలో పడిపోతోంది. పడిన చోట పిలక లేస్తోంది. హాలు మరో మూర సాగుతోంది.

కారణం తెలిసింది కాబట్టి కంగారు లేదు. ఆలస్యం మాత్రం చేయకూడదు. రేపటికి ఆమె అసలు కనిపించకపోవచ్చు.

కాలేజీ గ్రౌండులో గడ్డి కోసే పెట్రోలు మిషను నా చేతి కిందదే. ఆయుధపూజకని మొన్న ఇంటికి తెచ్చాను. తాడు లాగుతాను. దగ్గుతుంది, అంతే.

మా అత్త అప్పలనరసమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది.

"పూజ సేసిన మిషను, అలాగ మొరాయిస్తాదేటి బాబూ?"

"పూజ పైకే కదత్తా. కడుపు మనమే కడగాల."

ముందు ప్లగ్గు మూత పీకుతాను. అది పీకకుండా బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేవాడికి తన వేళ్ళంటే ఇష్టం లేదన్నమాట. ట్యాంకులో పాత పెట్రోలు ఒంపితే దాంతోపాటు పోయిన వానాకాలం కూడా బయటికి వస్తుంది, ఒక కప్పతో సహా. కప్ప నాకు తలూపి వీధిలోకి వెళ్తుంది. నల్లబడిన ఆయిలు తీసి తేనెరంగుది పోస్తాను. మిషను వాల్చి అడుగున అట్టకట్టిన గడ్డి గోకుతాను. బ్లేడుకు ఆకురాయి పెడతాను. అది పదునెక్కేకొద్దీ గదిలో వెలుతురు సన్నబడుతుంది.

ప్లగ్గు మూత తొడిగి తాడు లాగుతాను. దగ్గు.

గాలి పీల్చే చోట మూత విప్పుతాను. లోపలి స్పాంజి నిండా పసుపు. మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు.

"అత్తా, ఇదెవులు రాసినారు?"

"నానే. పూజనాడు మొకానికి పసుపు రాయకండా ఎలాగ?"

"అది మొకం కాదు, ముక్కు."

"ముక్కు మొకం మీద కాకపోతే మోకాలి మీదుంటాదేటి?"

స్పాంజిని సబ్బునీళ్ళలో పిండుతాను. పిండేకొద్దీ పసుపే. అందులోంచి మా పెళ్ళినాటి సన్నాయి కూడా కాసేపు వినిపిస్తుంది. ఆరబెట్టి బిగిస్తాను. తాడు ఒక్కసారి లాగగానే మిషను అందుకుంటుంది.

కోసినంత మేర హాలు చాప చుట్టినట్టు ముడుచుకుంటుంది. మిషను వెనక కోసిన గడ్డి పడే సంచి నిండుతూ గుసగుసలాడుతుంది. పైడితల్లి చింతపిక్కంత, బొమ్మంత, చివరికి మనిషంత అవుతుంది. వంటింటి గడప దగ్గర మిషను ఆపుతాను.

ఆమె నోరు తెరుస్తుంది. మాట రాదు. ఉన్నవన్నీ అయిపోయాయి. సంచి వైపు వేలు చూపిస్తుంది.

"మా పిల్ల మాటలు పారబొయ్యకు," అంటూ అత్త సంచి లాక్కుని పెరట్లో గేదె ముందు కుమ్మరిస్తుంది. గేదె అన్నీ మేసి, కళ్ళు మూసుకుని నెమరేస్తుంది.

పైడితల్లి పాలు పితికి పొయ్యి మీద పెడుతుంది. పాలు పొంగుతాయి. గిన్నె అంచు దాటి, కింద ఒలకకుండా, తెల్లగా నిలువునా లేచి ఆమె గొంతుతో మొదలుపెడతాయి: "ఏటయ్యా, నాను సెప్పింది ఇన్నావా?"

దూలం దాటుతాయి. పెంకులు ఎత్తుకుని ఇంకా పైకి, చెబుతూనే. పైడితల్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని, అవునవునని తలూపుతోంది.

"మంట తగ్గించు బాబూ," అంటుంది అత్త.

నేను పీట వాల్చుకుని కూర్చుంటాను. పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోస్తాను.