పచ్చి గోడ

విమానం దిగి రెండు గంటలైనా కాలేదు, అప్పుడే అయిదుగురు జవాన్లనీ వీధుల్లోకి తోలారు. పరాయి దేశం. అక్కడి మనుషుల మీద మేస్త్రికి పగ లేదు, పని అంతకంటే లేదు. పటాలంలో చేరకముందు పదకొండేళ్ళు తాపీ పట్టాడు కాబట్టి అందరూ మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు.

వీధికుళాయి దగ్గర ఒక ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. తల సగం లేదు. బకెట్ నిండి పొర్లిన నీళ్ళు ఎర్రగా కాలవలోకి పోతున్నాయి. మేస్త్రి వంగి కుళాయి కట్టేశాడు.

"అత్తారింటికొచ్చావనుకున్నావా? నడువు," అన్నాడు హవల్దారు. మిగతా ముగ్గురూ నవ్వారు. సిగ్గులేకుండా మేస్త్రి కూడా నవ్వాడు.

మూడో ఇంట్లో పొయ్యి మీద గిన్నె వేడిగా ఉంది, మనిషి జాడ లేదు. బీరువాలు పగలగొట్టారు, పరుపులు చీల్చారు. విసుగెత్తి హవల్దారు పదండన్నాడు. అప్పుడు నోరు జారాడు మేస్త్రి. వెనక గది గోడకి గోరు గుచ్చి, ఇది నిన్నటి పూత, ఇంకా పచ్చి ఆరలేదు, ఎవడో చేతకానివాడు మట్టం కూడా పెట్టకుండా కానిచ్చాడని వెక్కిరించాడు. పని తెలిసినవాడి పొగరు, అంతే.

హవల్దారు అతని భుజం తట్టి, గోడలోకి తుపాకి ఖాళీ చేశాడు.

లోపల కేకలు లేచాయి. ఆగిపోయాయి. ఇటుకలు కూల్చి చూస్తే మూరెడు సందులో ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒకరి మీద ఒకరు. ఆయుధమంటూ దొరికింది నీళ్ళ సీసా ఒక్కటే. అయిదుగురు శత్రువులు హతమని హవల్దారు రేడియోలో చెప్పాడు. మేస్త్రి గుమ్మంలో కక్కుకున్నాడు. జెండాలూపి, బాజాలు మోగించి సాగనంపింది ఈ పనికి.

నాలుగో ఇంట్లో అతన్నే ముందు పెట్టి గోడలు చూడమన్నారు. చివరి గదిలో ఒక గోడ అరచేతికి చల్లగా, తడిగా తగిలింది.

"పాతదే సార్. ఇక్కడేం లేదు."

హవల్దారు అతని మొహంలోకి చూశాడు. తర్వాత తన గోరే గోడకి గుచ్చాడు. గోటినిండా తడి సిమెంటు. ఆ విద్య నేర్పినవాడు ఎదురుగానే ఉన్నాడు.

"జరుగు."

మేస్త్రి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. తుపాకి మడమ దవడ మీద పడింది. రెండు పళ్ళు నేల మీద రాలాయి. రెండో దెబ్బకి మోకాళ్ళు వంగాయి గానీ వీపు గోడని వదల్లేదు.

"నీతో కలిపి కాల్చేస్తానురా."

"కాల్చండి." రక్తం ఉమ్మాడు. "మన జవాన్నే మీరు చంపారని కూడా రేడియోలో చెప్పండి."

వాణ్ణి పక్కకి ఈడ్చమని హవల్దారు అరిచాడు. ముగ్గురూ తమ బూట్ల వంక చూస్తూ ఉండిపోయారు. వాళ్ళని కూడా చంపి సాక్ష్యం లేకుండా చేయలేడు కదా. బూతులు తిట్టి తుపాకి దించాడు. గోడని వదిలి పదండని, వీడి సంగతి క్యాంపులో తేలుస్తానని, చేతులు వెనక్కి విరిచి కట్టమన్నాడు.

తాడు తెచ్చేలోపు మేస్త్రి వెనక్కి తిరిగి, గోడలో హవల్దారు చేసిన గోటి గుంటని బొటనవేలితో అద్ది పూడ్చాడు. తర్వాత చేతులిచ్చాడు.